అకారము దాటని మహాగ్రంథము

విషయ మెరిగినవారందరును దానిని చెప్పనేర్చినవారు కారు. ఏది ముందో, ఏది వెనుకో నిర్ణయింపక చెప్పినచో వినువానికి బరువే గాని బోధ కలుగదు. ఈ సంగతి నెరిగి, విజ్ఞానమును తెలుగువారికి క్రమముగా అందించుటకై జీవితమును ధారపోసిన మహనీయులు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు.

ఆయన 1877లో కృష్ణామండలమునందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. అక్కగారైన భండారు అచ్చమాంబ ఆదరమున నాగపురమున చదివి, మరాఠీలో వ్యాసములు వ్రాయగలవారైరి. ఎం.ఏ. పట్టమును పొందిరి; మునగాల సంస్థానమున దివానుగా పనిచేసిరి. మరాఠీ వాఙ్మయము నెరిగిన ఆయనకు, చరిత్రమును శాస్త్రములును తెలుగులో లేని కొరత స్పష్టముగా కనబడెను.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము వెలసినప్పుడు స్థాపకులలో ఆయన యొకరు. 1906లో ఆ నగరముననే విజ్ఞానచంద్రికా మండలి నెలకొల్పిరి. జీవితచరిత్రములు, దేశచరిత్రములు, ప్రకృతిశాస్త్రములు వేర్వేరు గ్రంథములుగా వెలువడజొచ్చెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము వానిలో మొదటిది. లక్ష్మణరావుగారు తాము చరిత్రము వ్రాయునపుడు రాజుల పేర్లను కుప్పగా పోయలేదు. కాలమును మహాయుగములుగా విభజించిరి. దారి ముందుగా కనబడినచో, సంగతులు తమ తమ చోటులలో కుదురుకొనును.

పిమ్మట ఆయన ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. దానికి అకారాదిక్రమము నవలంబించిరి. వెదకువానికి అది మిక్కిలి సులభము. కాని అంకగణితమును, అర్థశాస్త్రమును పొరుగున నిలుపునది అక్షరమే గాని విషయము కాదు. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి యున్నది. అట్టి గ్రంథము చివరి అక్షరము వరకు సాగిననే గాని సంపూర్ణము కాదు. మూడు సంపుటములు వెలువడినను అకారము దాటలేదు. 1923 జూలైలో, నలుబదియారేండ్ల వయస్సున, లక్ష్మణరావుగారు చెన్నపట్టణమున కన్నుమూసిరి. ఆకారముతో మొదలగు విషయములైనను ఆ సంపుటముల కెక్కలేదు.

ఆ పనిని తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మరల చేపట్టిరి. 1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి మరొక మార్గము త్రొక్కి, తన విజ్ఞానసర్వస్వమును విషయముల వారీగా సంపుటములు చేసెను. అందు ఏ సంపుటము చేత బట్టినను, ఒక శాస్త్రమునకు సంబంధించిన సంగతులు ఒక్కచోట లభించును. దీనివలన లక్ష్మణరావుగారి కీర్తికి కొరత లేదు. తెలుగులో అట్టి ఉద్యమమునకు బాట వేసినవారు ఆయనయే. ఆయన ఆగిన చోటు పిన్నలకు పాఠమైనది.

మండలి పుట్టిన హైదరాబాదు నేడు యూసుఫ్‌గూడను దాటి విస్తరించినది. అక్కడి బడిలోనైనను, మారుమూల పల్లెబడిలోనైనను ఉపాధ్యాయునికి కాలము గంటలోనే ముగియును. పీఠికతోనే గంట మ్రోగినచో విద్యార్థి వట్టిచేతులతో ఇంటికి పోవును. ముఖ్యమైన మాట ముందు చెప్పి, దానిచుట్టు తక్కినవి పేర్చినచో, పాఠము నడుమ ఆగినను అతనికి దక్కిన భాగము దక్కును. పరీక్షలో వ్యాసము వ్రాయు విద్యార్థికిని ఇదియే నియమము. మనకున్న కాలము స్వల్పమని తలచి అమర్చిన విషయమే ఎదుటివానికి చేరును.