హైకూకవి షికి

ఐదు, ఏడు, ఐదు చొప్పున పదునేడు మాత్రలలో ముగియు చిన్న పద్యము జపానువారికి మిక్కిలి ప్రియమైనది. పద్యము ప్రాచీనమే గాని, దానికి హైకూ అను పేరును స్థిరపఱచినవాడు మసాఒక షికి. బాషో పేరు మా విద్యార్థులలో కొందఱెఱుగుదురు. షికి నెఱిగినవారు తక్కువ. కావున నీయన చరిత్రమును వ్రాయ నెంచితిమి.

షికి 1867వ సంవత్సరమున మత్సుయామా పట్టణమున సమురాయి కుటుంబమందు జన్మించెను. పసితనముననే తండ్రి గతించెను. తల్లియు, చెల్లెలు రిత్సుయు మిగిలిరి. టోకియోలో చదువుచుండగా బేస్‌బాల్ ఆటయం దాయన కెంతో మక్కువ. (ఆటలాడువానికి కవిత్వ మబ్బదనుకొను బాలు రిది గమనింతురు గాక.) 1889లో క్షయవలన రక్తము పడెను. రక్తము వచ్చువఱకు కూయునని జపానువారు చెప్పుకొను ఒక కోకిలజాతి పక్షి పేరే షికి. ఆ పేరు నాయన నాడు ధరించెను.

1892లో పరీక్ష తప్పి, చదువు విడిచి, నిప్పొన్ అను పత్రికలో చేరెను. దేశమంతయు బాషోను దేవునివలె కొలుచుచుండగా, ఆయన పద్యములలో మంచివి కొన్నియే యని వ్రాయుటకు వెఱవలేదు. ఇందు షికి కొంత తొందరపడెనని మా తలంపు. అయినను మఱుగున పడియున్న బుసోను కవిని వెలికిదెచ్చిన కీర్తి యాయనదే. చిత్రకారుడు ఎదుటనున్న వస్తువును చూచి గీయునట్లు కవియు వ్రాయవలెనని యాయన బోధ. అందముగా నున్నదని చెప్పినంత మాత్రమున చదువరికేమియు కానరాదు. అందమైన దేదో దానినే చూపవలెను. వ్యాసములు వ్రాయు మా పిల్లలకును ఇది పనికివచ్చును.

1895లో పలువురు వారించినను యుద్ధవార్తలు వ్రాయుటకు చీనాకు వెళ్లి, తిరుగు ఓడలో రక్తము కక్కెను. పిమ్మట వ్యాధి వెన్నెముకకు సోకెను. తక్కిన యేండ్లన్నియు దాదాపు మంచముననే గడచెను. చూచుటకు మిగిలినది చిన్న పెరడు, అందు కోడిజుట్టు పూలు, నేతిబీర పందిరి. పుండ్లకు కట్లు మార్చుట, వండిపెట్టుట రిత్సు పని. ఆ చెల్లెలిని దినచర్యలో కఠినముగా నిందించినదియు షికియే. ఆమె లేనిదే ఇల్లు నడవదని యొప్పుకొన్నదియు షికియే. ఆమె సేవ లేనిచో ఆ రచనలలో నెన్ని మనకు దక్కెడివో!

1902 మే 5 మొదలు సెప్టెంబరు 17 వఱకు, ఆరడుగుల రోగశయ్య అను పేరిట 127 భాగములు పత్రికకు పంపెను. మఱునాటి యుదయమున చెల్లెలు పలకను పట్టుకొనగా, పడుకొనియే నేతిబీరపై మూడు పద్యములు వ్రాసెను. ఆ తీగనుండి తీయు నీరు కఫమునకు మందు. ఆ రాత్రి గడచి 19వ తేది తెల్లవాఱకమునుపే ప్రాణము విడిచెను. అప్పటి కాయన వయస్సు ముప్పదినాలుగేండ్లు.