స్వప్ననాటకకర్త తాంగ్ షియెన్‌జూ

చీనా గేయనాటకములలో ప్రణయకథకు పరాకాష్ఠ యేది యని యడిగినచో, అచటి రసికులు పెక్కుమంది ‘పియోనీ పూల మంటపము’ పేరు చెప్పుదురు. దాని కర్త తాంగ్ షియెన్‌జూ. ఇతడు 1550లో జియాంగ్‌సీ రాష్ట్రమందలి లిన్‌చువాన్‌లో పండితకుటుంబమున జన్మించెను.

ఆ కాలమున రాజోద్యోగమునకు పరీక్షయే ద్వారము. 1570లోనే ప్రాంతీయపరీక్షయందు కృతార్థుడైన తాంగ్, రాజధానిలోని పరీక్షలో మాత్రము మరల మరల తప్పెను. పాండిత్యలోపము కారణము గాదు. మహామంత్రి జాంగ్ జుజెంగ్ తన కుమారులకు పేరుగల యువపండితుల సాహచర్యము కూర్చదలచి యితనికిని కబురంపగా, ఇతడు నిరాకరించెను. 1577లో మంత్రికుమారు డొకడు ద్వితీయస్థానమును, 1580లో మరియొకడు ప్రథమస్థానమును పొందిరి. తాంగ్ పేరు పట్టికలో లేదు. 1582లో మంత్రి మరణించెను. మరుసటి యేడే తాంగ్ నెగ్గెను! పరీక్షాధికారుల నిష్పాక్షికత యెట్టిదో పాఠకులే యూహింపవచ్చును.

నాన్‌జింగ్‌లో చిన్నకొలువు దొరకెను. ఇతడు ఊరకుండువాడు గాడు. 1591లో పెద్దల అక్రమములను విమర్శించుచు చక్రవర్తికి విన్నపము పంపి, దక్షిణపు కొసనున్న షూవెన్‌కు వెడలగొట్టబడెను. 1593 నుండి సుయిచాంగ్ అను కొండసీమను అయిదేండ్లు పాలించెను. పండుగకు ఖైదీలను ఇండ్లకు పంపిన అధికారి యితడు. 1598లో కొలువు విడిచి స్వస్థలము చేరెను. ఆ యేడే ఈ నాటకము పూర్తియయ్యెను.

ఇందు 55 రంగములు. నాయిక దు లీనియాంగ్ ఒక అధికారి కూతురు, పదునారేండ్ల కన్య. తండ్రి ఆమెకొక వృద్ధపండితుని గురువుగా నియమించును. ఆయన చెప్పు తొలిపాఠము ప్రాచీన గీతసంకలనములోని ప్రేమగీతమే. కాని దానిని నీతిబోధగా మాత్రమే వివరించును. ఉపాధ్యాయులు గమనింపదగిన ఘట్టమిది: గురువు విడిచిన యర్థము శిష్యురాలికి తనంతట తోచును. ఆపై ఉద్యానమున విహరించి, నిదురించి, కలలో నొక యువకుని వలచును. మన ఉషాకన్య జ్ఞప్తికి వచ్చుట సహజము. అయితే ఉషకు ప్రియుని తెచ్చియిచ్చిన చిత్రలేఖ యుండెను. ఈమెకు అట్టి చెలి లేదు. తన రూపమును తానే చిత్రించుకొని, కృశించి మరణించును. మూడేండ్లకు లియు మెంగ్‌మెయ్ అను యువకుడు ఆ పటమును చూచి మోహించి, ఆమె యాత్మను కలసికొని, సమాధి త్రవ్వగా ఆమె సజీవురాలై లేచును. పరలోకపు న్యాయాధిపతి సైతము కరుణించెను గాని కన్నతండ్రి నమ్మడు. బ్రతికివచ్చిన బిడ్డను దయ్యమనును. తుదకు చక్రవర్తి తీర్పు చెప్పవలసి వచ్చును.

పదములు రాగమున కొదుగవని కొందరు సంగీతలాక్షణికులు నాటకమును దిద్దిరి. తాంగ్ సహింపక, తన మూలమునే పాడవలయునని యొక నటునికి లేఖ వ్రాసెను. లాక్షణికులది పూర్తిగా తప్పనలేము. గొంతు పలుకని మాట గాయకునకు భారమే. 18వ శతాబ్దమున యె తాంగ్ అను సంగీతజ్ఞుడు మాటను ముట్టక, స్వరమునే మాటకు ఒదిగించి చిక్కు విప్పెను. ఈ నాటకమును నేటికిని పాడుచున్న కున్‌చూ సంప్రదాయమును 2001లో యునెస్కో గుర్తించినది.

తాంగ్ మరి రెండు స్వప్ననాటకములను 1600, 1601లలో రచించి, షేక్స్‌పియర్ గతించిన 1616లోనే తానును గతించెను. అతడు జీవించియుండగనే లౌజియాంగ్‌లో యు వారింటి రెండవకూతురు ఈ గ్రంథమును చదివి, అంచులలో వ్యాఖ్య వ్రాసికొని, పదునేడేండ్లకే మరణించెను. ఆ వార్త విని తాంగ్ ఆమెకై రెండు పద్యములు వ్రాసెను.