పండిత రమాబాయి పాండిత్యం ఎటు పోయింది?

ప్రతి వేసవిలో పరీక్షా ఫలితాలు రాగానే మన సంఘాల్లో కృతజ్ఞత కూడికలు మొదలవుతాయి. ర్యాంకు, ఉద్యోగం, వీసా, అన్నిటికీ స్తుతులు చెల్లిస్తాం. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ ఆదివారాల్లో నాకు పండిత రమాబాయి గారు గుర్తుకొస్తుంటారు.

పండిత అన్నది ఆమె పేరు కాదు, బిరుదు. 1878లో కలకత్తా పండితులు ఇరవై ఏళ్ల ఆ యువతిని పరీక్షించి పండిత, సరస్వతి అనే రెండు బిరుదులిచ్చి గౌరవించారు. ఆ కాలంలో సంస్కృతం చదివిన స్త్రీకి అంతకు మించిన మెప్పు ఎక్కడ ఉంది?

కానీ ఆ బిరుదు తీసుకునేనాటికే చదువు కడుపు నింపదని ఆమెకు తెలుసు. తండ్రి అనంత శాస్త్రి డోంగ్రే లోకం కాదన్నా వినక భార్యకు సంస్కృతం నేర్పినవారు. ఆ తల్లి కూతురికి నేర్పింది. కుటుంబమంతా పుణ్యక్షేత్రాలు తిరుగుతూ పురాణాలు చదివి బ్రతికేది. కరువు వచ్చింది. కూలి పని చేయడానికి కులమూ పాండిత్యమూ ఒప్పుకోలేదు; చెయ్యి చాచడం చేతకాలేదు. 1874లో కొద్ది నెలల తేడాతో తండ్రీ తల్లీ కన్నుమూశారు. తల్లి పాడె మోయడానికి ఇద్దరు బ్రాహ్మణులే ముందుకొచ్చారు. మూడోవాడు అన్న శ్రీనివాస్. నాలుగో మనిషి రమాబాయే. శ్మశానం మూడు మైళ్ల దూరం.

1880లో ఆ అన్న కూడా పోయాడు. అదే ఏట ఆమె బిపిన్ బిహారీ దాస్ అనే బెంగాలీ వకీలును కులం చూడకుండా పెళ్లాడారు. మనోరమ పుట్టింది. ఏడాది తిరగకముందే, 1882లో, భర్తను కలరా తీసుకుపోయింది. ఇరవై మూడేళ్లకు విధవరాలు, చంకలో పసిబిడ్డ.

తరువాతి కథ చాలామందికి తెలిసినదే, త్వరగా చెప్పేస్తాను. 1883లో ఇంగ్లాండు వెళ్లారు, అక్కడే తల్లీబిడ్డలు బాప్తిస్మం పొందారు. వైద్యం చదవాలన్న ఆశ వినికిడి లోపం వల్ల తీరలేదు. అమెరికా తిరిగి వచ్చి 1889లో బొంబాయిలో శారదా సదన్ తెరిచారు, బాల వితంతువుల కోసం. మరుసటి ఏడు అది పూనాకు మారింది. కొందరు బాలికలు క్రీస్తు వైపు తిరగడంతో 1893లో పెద్ద దుమారం రేగింది. అంతవరకు అండగా ఉన్న ప్రముఖులు తప్పుకున్నారు. చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుపోయారు. లోకం లెక్కలో ఇది ఓటమే.

మళ్లీ కరువొచ్చింది, ఈసారి 1896లో, మధ్య పరగణాల్లో. రమాబాయి తానే అక్కడికి వెళ్లి ఆకలితో ఉన్న ఆడపిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు, దాదాపు మూడు వందల మందిని. పూనా దగ్గరి కేడ్గావ్ పొలంలో వారికి నీడ ఏర్పడింది. అదే ముక్తి. అక్కడ చదువుతో పాటు నేత, వ్యవసాయం, వంట, అచ్చుపని నేర్పారు. కూలి పనికి చేతులు రాక కన్నవారు ఎలా పోయారో చూసిన ఆమె, ఏ పిల్లనూ చేతిపని లేకుండా పంపదలచుకోలేదని నేననుకుంటాను.

మరి ఆ పాండిత్యం? చివరి సంవత్సరాల్లో ఆమె హెబ్రీ, గ్రీకు నేర్చుకుని బైబిలును మరాఠీలోకి అనువదించారు. అప్పటికున్న అనువాదంలో సంస్కృత పదాలు ఎక్కువనీ, పల్లెటూరి ఆడవాళ్లకు అందవనీ ఆమె బాధ. పదిహేనేళ్లకే భాగవతం కంఠస్థం చేసిన మనిషి కూర్చుని, తనకు బాగా తెలిసిన మాటలనే ఒక్కొక్కటీ తీసివేస్తూ, పొలం పని చేసే స్త్రీ మాట కోసం వెదికారు. బిరుదిచ్చిన పండితులు చూస్తే ఏమనుకునేవారో!

పని ఇంకా పూర్తి కాకముందే 1921లో మనోరమ చనిపోయింది. తల్లికి కుడిభుజం, ముక్తిని తరువాత నడపవలసిన కూతురు. రమాబాయి ఆ దుఃఖంతోనే అచ్చు ప్రతులు దిద్దుతూ వచ్చారు. 1922 ఏప్రిల్ 5న కన్నుమూశారు. ఆ బైబిలు 1924లో పూర్తిగా వెలువడింది, ముక్తి సొంత ముద్రణాలయంలో, అక్కడి స్త్రీలు చేతులతో పేర్చిన అక్షరాలతో.