బ్రౌను దొరగారి కడప తోట

1911వ సంవత్సరమునకు పూర్వము మన మదనపల్లె కడప మండలములోనిదే. కావున కడప పట్టణమునందలి బ్రౌను దొరగారి బంగళా కథ మనకు పరాయిది కాదు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీని కలకత్తాలో జన్మించెను. 1817లో చెన్నపట్టణము చేరి, కొలువు కొరకు తెలుగు నేర్చి, 1820లో కడపకు వచ్చెను. అచ్చట తోటతో కూడిన బంగళాను కొనెను. ఆ తోట 15 ఎకరములని చెప్పుదురు. దొరలకు తోట విహారమునకు గదా! ఈయన మాత్రము ఆ చోటును పండితులకు నెలవు గావించెను.

ఉద్యోగరీత్యా తాను బందరునను, రాజమహేంద్రవరమునను ఉన్నను కడపలో పని ఆగలేదు. అయోధ్యాపురము కృష్ణారెడ్డి పర్యవేక్షణమున లేఖకులు వ్రాయుచు, పండితులు దిద్దుచు నుండిరి. ఒక్కొక్క కావ్యమునకు పెక్కు తాళపత్రప్రతులు తెప్పించి, పాఠములు పోల్చి, శుద్ధప్రతిని కాగితముపై కెక్కించుట వారి పద్ధతి. జీతములు దొరగారి సొంత సొమ్ము. అది చాలక అప్పులు. గ్రామలెక్కలు వ్రాయు నావంటివాడు ఆ పద్దు చూచినచో తల పట్టుకొనును. ఆ వ్యయమునకు ఫలముగా 1829లో వేమన పద్యములును, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును అచ్చుపడినవి.

కొలువు విరమించి స్వదేశమునకు మరలి, లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12వ తేదీని అవివాహితుడుగనే కన్నుమూసెను. ఆయన కూర్చిన వ్రాతప్రతులు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున నిలిచినవి.

కడపలో తోట మాసిపోయెను. బంగళాకు మొండిగోడలు మిగిలెను. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి ప్రభృతులు పూనుకొని ఆ స్థలముననే బ్రౌను పేర గ్రంథాలయము కట్టించిరి. 1995లో దాని తలుపులు తెరచుకొనెను. తాళపత్రములు మరల ఆ నేలకు చేరినవి.