టిప్పు సుల్తాన్ షహీద్ కలల పుస్తకం



టిప్పు సుల్తాన్ మనకు పరాయివాడు కాదు. ఆయన తల్లి ఫఖ్రున్నిసా బేగం కడప ఖిల్లాదారు మీర్ మొయినుద్దీన్ గారి కూతురు. అంటే కడప ఆయనకు అమ్మమ్మగారి ఊరు. మన పక్కనున్న ఆదోని కోటను 1786లో ముట్టడించి పట్టుకున్నదీ ఆయనే.

1750లో దేవనహళ్ళిలో పుట్టి, 1782లో తండ్రి హైదరలీ పోయాక గద్దెనెక్కిన ఈ సుల్తాన్‌కు ఒక అలవాటుండేది. రాత్రి వచ్చిన కలను తేదీతో సహా పారశీకంలో, తన చేతి రాతతోనే రాసుకునేవాడు. మున్షీ చేత రాయించలేదు. రాసేటప్పుడు ఎవరైనా దగ్గరికొస్తే పుస్తకం దాచేసేవాడట. పదేళ్ళకు పైగా రాసినవి మొత్తం 37 కలలు.

ఒక కలలో పెద్ద గుడి కనిపించింది. వెనుక భాగం కొంచెం పాడైంది. విగ్రహాల కళ్ళు కదులుతున్నాయి. వాటిలో ఒక స్త్రీ విగ్రహం తాము చాలాకాలంగా దేవుణ్ణి ప్రార్థిస్తున్నామని చెప్పింది. అలాగే దైవస్మరణ చేస్తూ ఉండమని సుల్తాన్ చెప్పి, ఆ కట్టడాన్ని బాగుచేయించమని తన మనుషులకు హుకుం ఇచ్చాడు. అంతలో మెలకువ వచ్చింది. ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ రాఘవేంద్రస్వామివారికి ఈ మంత్రాలయం గ్రామాన్ని ఇచ్చాడని తరతరాలుగా చెప్పుకునే మనకు ఈ కల వింతగా తోచదు.

మరో కలలో మూడు వెండి పళ్ళాల నిండా తాజా ఖర్జూరాలు వచ్చాయి. ముగ్గురు శత్రువుల రాజ్యాలు తన వశమవుతాయని ఆయన దానికి అర్థం రాసుకున్నాడు. జరిగింది వేరు. 1792 ఒప్పందంలో సగం రాజ్యం పోయింది, కడప నిజాం పరమైంది. 1799 మే 4న శ్రీరంగపట్నం కోటలో పోరాడుతూనే ఆయన షహీద్ అయ్యాడు. ఆ పుస్తకం పడకగదిలో ఇంగ్లీషువాళ్ళకు దొరికింది. ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మహమూద్ హుసేన్ గారి ఇంగ్లీషు అనువాదం 1957లో కరాచీలో వెలువడింది.

తాను చెప్పుకున్న అర్థం తప్పినా సుల్తాన్ ఆ కాగితం చింపెయ్యలేదు. మనం నేర్చుకోవలసింది అదే. కలను ఉన్నదున్నట్టు రాసుకోవడం మన నిజాయితీ. దాని అసలు అర్థం తెలిసినవాడు అల్లాహ్ ఒక్కడే. యూసుఫ్ అలైహిస్సలాం గారికి కలల అర్థం చెప్పే విద్య ఇచ్చింది కూడా ఆయనే కదా. కల మంచిదైతే షుక్ర్ చేద్దాం, చెడ్డదైతే పనాహ్ కోరుకుందాం. ఏదైనా సరే, ఫజర్ నమాజుకు లేచి ఆ రోజు పని ఆ రోజు చేసుకుందాం.

అల్లాహ్ ఆ షహీద్‌కు జన్నత్ ప్రసాదించుగాక. ఆమీన్.