సూర్యాన్వేషి జాన్సెన్

సూర్యుణ్ణి కర్మసాక్షి అని మన పెద్దలు పేర్కొన్నారు. లోకంలో జరిగే సమస్త కార్యాలనూ ఆయన చూస్తూ ఉంటాడని దాని భావం. అయితే లోకాన్ని చూసే ఆ సూర్యుణ్ణి లోకం తేరిపార చూడలేదు. ఆయన తేజస్సే ఆయనకు తెర. సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఆ తెర కొద్ది నిమిషాలపాటు తొలగుతుంది. చంద్రబింబం సూర్యబింబాన్ని పూర్తిగా కప్పివేసినప్పుడు ఆ నల్లని బింబం అంచున ఎర్రని అగ్నిశిఖలు లేచి కనిపిస్తాయి. చంద్రుని చాటునుండి సూర్యుని తొలికిరణం వెలువడగానే అవి అదృశ్యమవుతాయి. ఆ శిఖలు సూర్యునివా, చంద్రునివా అని శాస్త్రజ్ఞులు చిరకాలం తర్కించుకున్నారు. 1860 నాటి గ్రహణంలో తీసిన ఛాయాచిత్రాల వల్ల అవి సూర్యునివేనని తేలింది. కాని అవి ఏ పదార్థంతో ఏర్పడ్డాయో, గ్రహణం లేని రోజులలో వాటిని ఎలా చూడాలో ఎవరికీ తెలియలేదు. ఆ రహస్యం విడివడిన చోటు మన గుంటూరు. దానిని విడదీసినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియెర్ జూల్ సెజార్ జాన్సెన్.

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి సంగీత విద్వాంసుడు. పసితనంలో జరిగిన ఒక ప్రమాదం వల్ల ఆయన కాలు దెబ్బతిన్నది. ఆ అవిటితనం జీవితాంతం ఆయనను వీడలేదు. అందరు పిల్లలవలె ఆయన పాఠశాలకు వెళ్లి చదువుకోలేకపోయాడు. కుటుంబ ఆర్థిక స్థితి క్షీణించడంతో యుక్తవయస్సులోనే బ్యాంకులో ఉద్యోగం చేయవలసి వచ్చింది. అయినా విద్యాతృష్ణ ఆరలేదు. ఉద్యోగం చేస్తూనే చదువు సాగించి, తోటివారు జీవితంలో స్థిరపడే వయస్సులో గణితశాస్త్ర పట్టా పొందాడు. 1857లో భూమి అయస్కాంత లక్షణాలను పరిశోధించే నిమిత్తం దక్షిణ అమెరికాలోని పెరూ దేశానికి వెళ్లి, అక్కడ తీవ్రమైన అనారోగ్యానికి గురై తిరిగివచ్చాడు. 1860లో కంటిని గురించిన పరిశోధనకు డాక్టరేటు పట్టం అందుకున్నాడు. అప్పటికి ఆయన వయస్సు 36 సంవత్సరాలు.

ఆ రోజులలోనే జర్మనీలో కిర్కాఫ్, బున్‌సెన్ అనే శాస్త్రజ్ఞులు ఒక అద్భుత విషయాన్ని వెల్లడించారు. కాంతిని వర్ణపటదర్శిని అనే సాధనం ద్వారా పంపితే అది రంగులుగా విడిపోతుంది. ప్రతి మూలకానికీ ఆ రంగుల పట్టీలో తనదైన గీతలు ఉంటాయి. ఆ గీతలను పరిశీలించి, ఎంత దూరాన ఉన్న వస్తువైనా ఏ పదార్థంతో ఏర్పడిందో చెప్పవచ్చు. జాన్సెన్ ఈ విద్యకు అంకితమయ్యాడు. సూర్యకాంతిలో కనిపించే నల్లని గీతలలో కొన్ని సూర్యునివి కావని, మన వాతావరణం వల్ల ఏర్పడేవని ఆయన నిరూపించాడు. అందుకోసం 1864లో జెనీవా సరస్సు ఒడ్డున పెద్ద మంట వేయించి, 21 కిలోమీటర్ల దూరంనుండి ఆ వెలుగును పరీక్షించాడు. మధ్యనున్న గాలి తన గుర్తును ఆ వెలుగుపై ముద్రించడం ఆయనకు స్పష్టంగా కనిపించింది.

1868 ఆగస్టు 18న ఒక సంపూర్ణ సూర్యగ్రహణం సంభవించనున్నదని గణితజ్ఞులు ముందే లెక్కకట్టారు. దాని ఛాయ తెలుగునేల మీదుగా సాగిపోతుంది. అందువల్ల ఆ సంవత్సరం శాస్త్రజ్ఞుల దృష్టి అంతా ఇటు మళ్లింది. మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో విడిది చేశాడు. అదే వేధశాలలో పనిచేస్తున్న భారతీయ ఖగోళజ్ఞుడు చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్లాడు. గుంటూరులో ఒకవైపు మేజర్ టెనెంట్ నాయకత్వంలో బ్రిటిష్ బృందం, మరొకవైపు ఫ్రాన్సు నుండి వచ్చిన జాన్సెన్ తమ సాధనాలను అమర్చుకున్నారు. ఆ పట్టణంలో నివసిస్తున్న ఒక ఫ్రెంచి వర్తకుడు తన మేడను జాన్సెన్‌కు అప్పగించాడు. అది వర్షరుతువు. ఒక్క మబ్బుతునక అడ్డుపడినా నెలల ప్రయాణం, ప్రయాస వృథా కాగలవు. ఊరిలోని ప్రజలు పట్టు స్నానానికీ విడుపు స్నానానికీ సిద్ధమవుతుండగా, మేడపై ఆయన దూరదర్శినికి వర్ణపటదర్శినిని బిగించి నిరీక్షించాడు.

అదృష్టవశాత్తు ఆ ఉదయం ఆకాశం అనుకూలించింది. సూర్యబింబం పూర్తిగా మరుగుపడగానే రెండు మహోన్నతమైన అగ్నిశిఖలు దర్శనమిచ్చాయి. జాన్సెన్ వాటి వెలుగును పరీక్షించాడు. ఇంద్రధనుస్సువంటి అవిచ్ఛిన్నమైన రంగుల పట్టీకి బదులు, విడివిడిగా కొన్ని ప్రకాశవంతమైన గీతలు మాత్రమే కనిపించాయి. అవి జ్వలిస్తున్న వాయువుకు గుర్తు. ఆ వాయువులో ప్రధానమైనది హైడ్రోజన్. గ్రహణమార్గంలో నిలిచిన మరికొందరు శాస్త్రజ్ఞులు కూడా ఆనాడు ఈ గీతలను చూశారు. కాని జాన్సెన్‌ను వారినుండి వేరుచేసినది ఆ క్షణంలో ఆయన మనస్సులో మెరిసిన ఆలోచన. ఈ గీతలు ఇంత ప్రకాశంగా ఉన్నప్పుడు, గ్రహణం లేకున్నా వీటిని చూడవచ్చు కదా అని ఆయనకు తోచింది.

ఆ ఆలోచనలోని తర్కాన్ని ఒక చిన్న పోలికతో గ్రహించవచ్చు. చెంబులోని నీటి అడుగున ఒక గులకరాయి ఉంటే అది మునిగి ఉంటుంది. అదే నీటిని, రాయితోసహా, వెడల్పయిన పళ్లెంలో పోస్తే నీరు పలచబడుతుంది, రాయి మాత్రం ఎప్పటివలెనే ఉండి పైకి తేలినట్లు కనిపిస్తుంది. పగటి ఆకాశపు వెలుగు ఆ నీటివంటిది. అందులో అన్ని రంగులూ ఉన్నాయి కనుక వర్ణపటదర్శిని దానిని ఎంత విస్తరింపజేస్తే అంత పలచబడుతుంది. అగ్నిశిఖల వెలుగు కొన్ని గీతలలోనే కేంద్రీకృతమై ఉంటుంది కనుక అది పలచబడదు.

గ్రహణం ముగిసిన వెంటనే తన ఊహను పరీక్షించాలని ఆయన ఆతురపడ్డాడు. కాని ఆకాశం మబ్బు కమ్మింది. ఆ రాత్రి ఆయన ఎంత ఉత్కంఠతో గడిపి ఉంటాడో ఊహించవచ్చు. మరునాడు, ఆగస్టు 19న, సూర్యోదయం కాగానే సాధనాన్ని సూర్యుని అంచుకు గురిపెట్టాడు. నిన్నటి గీతలు నేడు పట్టపగటి వెలుగులో మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. అంతవరకు కొద్ది నిమిషాలకు మాత్రమే పరిమితమైన దృశ్యం ఇకపై ప్రతిదినమూ చూడగలిగినదయింది. ఆ తరువాత 17 రోజులపాటు ఆయన గుంటూరులోనే ఉండి సూర్యుని అంచులను పరిశీలించాడు. భూమి వ్యాసానికి అనేక రెట్లు ఎత్తున లేచిన శిఖలు కొద్ది నిమిషాలలోనే ఆకారం మార్చుకోవడం గమనించాడు. ప్రశాంత బింబంగా తోచే సూర్యుని ఉపరితలం నిజానికి నిరంతర సంక్షోభానికి నిలయమని స్పష్టమయింది.

ఈ వార్తను ఆయన సెప్టెంబరులో లేఖగా వ్రాసి ఓడ టపా ద్వారా పారిస్ విజ్ఞాన పరిషత్తుకు పంపాడు. ఈ లోగా ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే శాస్త్రజ్ఞుడు, జాన్సెన్ కృషిని గురించి ఏమీ తెలియకుండానే, అదే పద్ధతిలో అక్టోబరు 20న ఆ శిఖలను చూశాడు. ఇద్దరి లేఖలూ ఒకే రోజున పరిషత్తుకు చేరాయి. ముందెవరు, వెనుకెవరు అనే వివాదం చెలరేగవలసిన ఘట్టమది. కాని పరిషత్తు ఆ గౌరవాన్ని ఇద్దరికీ సమానంగా పంచింది. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలనూ ఒకే పతకంపై ముద్రించింది. వారిరువురూ జీవితాంతం మిత్రులుగా నిలిచారు.

ఈ సందర్భంలో ఒక విషయాన్ని సరిగా తెలుసుకోవాలి. గుంటూరులో జాన్సెన్ హీలియం వాయువును కనుగొన్నాడని అనేక గ్రంథాలు పేర్కొంటాయి. ఆనాటి గీతలలో ఒక పసుపు గీత ఉన్నమాట నిజం. పరిశీలకులు చాలామంది దానిని సోడియం గీతగా భావించారు. మచిలీపట్నంలో పోగ్సన్ అది సోడియం గీత స్థానంలోనో, దానికి సమీపంలోనో ఉన్నట్లు నమోదు చేశాడు. అది సోడియం గీత కాదని లాకియర్ తేల్చి, కొత్త మూలకాన్ని ఊహించాడు. గ్రీకు భాషలో సూర్యునికున్న పేరునుబట్టి దానికి హీలియం అని పేరు వచ్చింది. 1895లో రామ్సే దానిని భూమిపై ఒక ఖనిజంలో గుర్తించిన తరువాతనే లోకం పూర్తిగా విశ్వసించింది. హీలియం చరిత్ర గుంటూరు గ్రహణంతో ఆరంభమైందని చెప్పవచ్చు, కాని ఆ కీర్తి ఒక్కరిది కాదు. జాన్సెన్ గొప్పతనానికి ఆయనది కాని కీర్తిని జోడించవలసిన అవసరమూ లేదు.

ఆయన పట్టుదలకు 1870లో కఠినమైన పరీక్ష ఎదురయింది. ఆ ఏడు డిసెంబరు 22న అల్జీరియాలో సంపూర్ణ గ్రహణం. అప్పుడు పారిస్ నగరాన్ని ప్రష్యా సేనలు ముట్టడించి ఉన్నాయి. శత్రుసేనల మధ్యనుండి ఆయన వెళ్లడానికి ఇంగ్లండు శాస్త్రజ్ఞులు అనుమతి సంపాదించారు. స్వదేశాన్ని ముట్టడించిన శత్రువు దయతో బయటపడడం ఆయనకు సమ్మతం కాలేదు. డిసెంబరు 2 వేకువజామున సాధనాలతో ఒక బెలూన్ ఎక్కి, శత్రుసేనల మీదుగా ఎగిరి, సముద్రతీరానికి సమీపంలో దిగాడు. అక్కడినుండి ఓరాన్ నగరానికి చేరుకున్నాడు. తీరా గ్రహణ సమయానికి మబ్బులు కమ్మి ఏమీ కనిపించలేదు. అంతటి సాహసానికి దక్కిన ఫలం అది! అయినా ఆయన నిరాశ చెందలేదు. మరుసటి ఏడే మళ్లీ భారతదేశానికి వచ్చి, 1871 డిసెంబరు 12న నీలగిరులలో గ్రహణాన్ని దర్శించి, సూర్యుని చుట్టూ వ్యాపించిన కరోనాను గురించి విలువైన విషయాలు తెలుసుకున్నాడు.

1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగిన దృశ్యాన్ని చిత్రించడానికి వెంటవెంటనే ఛాయాచిత్రాలు తీసే యంత్రాన్ని రూపొందించాడు. చలనచిత్రానికి ఇది ఒక పూర్వరూపం. తరువాత పారిస్ సమీపంలోని మ్యుదోన్‌లో, అగ్నికి ఆహుతైన ఒక ప్రాచీన రాజప్రాసాదంలో సౌర వేధశాలను నెలకొల్పాడు. 1876 నుండి అక్కడ తీసిన వేలాది ఛాయాచిత్రాలు సూర్యుని ముఖచరిత్రగా నిలిచాయి. సూర్యకాంతిలో భూవాతావరణపు ప్రభావాన్ని నిర్ధారించడానికి 4,800 మీటర్ల ఎత్తైన మోబ్లాఁ పర్వతశిఖరంపై మంచులో వేధశాలను నిర్మింపజేశాడు. నడవలేని ఆ వృద్ధుణ్ణి సహాయకులు మంచుబండిపై లాగుతూ శిఖరానికి చేర్చారు. 1893లో ఆ వేధశాలకు చేరేనాటికి ఆయన వయస్సు 69 సంవత్సరాలు. 1907 డిసెంబరు 23న మ్యుదోన్‌లో ఆయన కన్నుమూశాడు.

ఆయన చూసిన శిఖల వెనుక సూర్యుని అయస్కాంత బలం ఉన్నదని తరువాతి తరాలవారు గ్రహించారు. ఆ బలం సడలినప్పుడు కోట్ల టన్నుల పదార్థం అంతరిక్షంలోకి విస్ఫోటనం చెందుతుంది. అది భూమిని తాకితే ఉపగ్రహాలు, విద్యుత్ వ్యవస్థలు దెబ్బతింటాయి. 1989 మార్చిలో కెనడాలోని క్విబెక్ రాష్ట్రం అటువంటి సౌర తుఫాను వల్ల గంటల తరబడి అంధకారంలో మునిగింది. అందుకే సూర్యుణ్ణి అనునిత్యం కనిపెట్టి ఉండడం నేడు అవసరమయింది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 నౌక, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన నిలిచి, సూర్యబింబపు వెలుగును తొలగించి, కృత్రిమ గ్రహణం కల్పించి కరోనాను పరిశీలించేందుకు రూపొందింది. గ్రహణం కోసం ఎదురుచూడనవసరం లేదని గుంటూరు మేడపై ఒకనాడు మెరిసిన ఆలోచన అదే తెలుగునేలనుండి మరొక రూపంలో ఆకాశానికి ఎగసింది.

అరుదైన అవకాశం వచ్చినప్పుడు మాత్రమే సత్యం కనిపిస్తుందని చాలామంది భావిస్తారు. సత్యం ప్రతిదినమూ మన ముందే ఉంటుందని, దానిని చూసే పద్ధతిని మనమే కనుగొనాలని జాన్సెన్ జీవితం నిరూపించింది. కాలు సహకరించకున్నా ఖండాలు దాటినవాడు, మబ్బులు వంచించినా మరల మరల ఆకాశంవైపు చూసినవాడు జాన్సెన్. ఆయన చరిత్ర విద్యార్థులకు నిత్యస్మరణీయం.