పెద్దరోగమూ, రాబర్ట్ కాక్ గారూ

ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకాలు రాయమని కార్యదర్శిగారు రెండుసార్లు కబురు చేశారు. బదిలీలు, ఇంక్రిమెంట్లు, పెన్షను ఫైళ్ల సంగతులు మన సంచికల్లో ఇప్పటికే బోలెడు వచ్చాయి. అందుకని ఒక మనిషి గురించి రాస్తాను. ఆయన మన శాఖవారు కాదు, మన దేశంవారూ కాదు. పేరు రాబర్ట్ కాక్. క్షయ క్రిమిని కనిపెట్టిన డాక్టరుగా అందరూ ఎరుగుదురు. ఆయన పశువుల రోగాల జోలికీ వచ్చారని, 1963లో నేను రిండర్‌పెస్ట్ స్క్వాడ్‌లో వ్యాక్సినేటర్‌గా చేరినప్పుడు ట్రైనింగులో మా మాస్టారు చెప్పేదాకా నాకు తెలియదు.

1843 డిసెంబరు 11న జర్మనీలోని క్లౌస్‌తాల్ అనే గనుల ఊళ్లో పుట్టారు. వైద్యం చదివి, వోల్‌స్టైన్ అనే చిన్న ఊరికి ప్రభుత్వ వైద్యుడుగా వెళ్లారు. రోగులను చూసే గదిలోనే ఓ పక్క తెర కట్టి, భార్య కానుకగా ఇచ్చిన మైక్రోస్కోపు పెట్టుకుని దొమ్మరోగం క్రిమిని పట్టారు. అది 1876. క్షయ క్రిమి 1882లో, ఆ తర్వాత ఈజిప్టులోనూ మన కలకత్తాలోనూ కలరా క్రిమి. ప్రతి అంటురోగానికీ ఓ క్రిమి ఉంటుందని, దాన్ని కంటితో చూపించాలని పట్టుబట్టిన మనిషి ఆయన.

1890లో మాత్రం తొందరపడ్డారు. ట్యుబర్‌క్యులిన్ క్షయకు మందు అన్నారు. రోగులు బెర్లినుకు పరుగులు తీశారు. మందు పనిచేయలేదు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందులో ఏముందో మొదట చెప్పనందుకు కూడా లోకం ఆయనను దుయ్యబట్టింది. (అదే ట్యుబర్‌క్యులిన్ పాడిపశువుల్లో క్షయను పసిగట్టే పరీక్షకు పనికొచ్చింది. డెయిరీ ఫారాల్లో పనిచేసినవాళ్లకు ఆ సూది గుర్తుండే ఉంటుంది.)

ఆ మచ్చ ఇంకా మాసిపోకముందే 1896 చివర కేప్ ప్రభుత్వం ఆయనను దక్షిణాఫ్రికాకు పిలిచింది. మన పల్లెల్లో పెద్దరోగం, ముసర అనే రిండర్‌పెస్ట్ ఆఫ్రికా ఈశాన్యం మూల నుంచి దిగి, ఆ ఏడే జాంబెజీ నది దాటింది. నోరు పూసి, కళ్లు కారి, పారుకుని పశువు వారంపది రోజుల్లో పడిపోయేది. మందలకు మందలే పోయాయి. బండికి ఎద్దు లేదు, నాగలికి ఎద్దు లేదు, జనం ఆకలికి చచ్చారు.

వజ్రాల గనుల ఊరు కింబర్లీలో ఆయనకు ప్రయోగశాల ఇచ్చారు. జబ్బుపశువు రక్తం ఎంత వెతికినా క్రిమి కనబడలేదు. కనబడదు మరి, అది వైరస్. అది బాక్టీరియాను ఆపే వడపోతలోంచి కూడా జారిపోయేంత సన్నని పదార్థమని 1902లో నికోల్, ఆదిల్ బే కాన్‌స్టాంటినోపుల్‌లో నిరూపించారు. క్రిమిని చూపించలేని స్థితిలో కాక్ గారు చేతులు ముడుచుకు కూర్చోలేదు. రోగంతో చచ్చిన పశువు పైత్యరసం 10 సీసీ తీసి, మంచి పశువు చర్మం కింద ఎక్కించారు. పదిరోజులు గడిచాక దానికి జబ్బు రక్తం ఎక్కించినా తట్టుకుంది. 1897 ఫిబ్రవరిలో ఈ సంగతి ప్రకటించారు. అక్కడి రైతులు కొందరు అంతకుముందే పైత్యరసం వాడి చూశారని కూడా అంటారు.

లోపాలు లేకపోలేదు. ఆ రక్షణ ఎక్కువ కాలం నిలిచేది కాదు. పైత్యరసం కావాలంటే మరో పశువు చావాలి. మార్చిలో ఆయన ప్లేగు పనిమీద బొంబాయి బయల్దేరగా, కోలే, టర్నర్ గార్లు సీరం, జబ్బు రక్తం కలిపి ఇచ్చే పద్ధతి తెచ్చారు. అదే ఏడు కాక్ గారు కుమావూఁ కొండల్లోని మన ముక్తేశ్వర్ పశువైద్య ప్రయోగశాలకూ వచ్చారు. 1920లలో అక్కడే ఎడ్వర్డ్స్ గారు ఆ వైరస్‌ను మేకల్లో మళ్లీమళ్లీ పెంచి దాని జోరు తగ్గించారు. ఆ మేక టీకానే ఎండబెట్టిన పొడిగా మేము ఊరూరా మోసింది.

కాక్ గారికి 1905లో నోబెల్ వచ్చింది, క్షయ పరిశోధనకు. 1910 మే 27న బాడెన్‌బాడెన్‌లో కన్నుమూశారు. అస్థికలు బెర్లినులో ఆయన పేరిటి సంస్థలోనే ఉన్నాయి.

ఇక నా సంగతి. 1966 వేసవిలో ఓ పల్లెకు వెళ్తుంటే బస్సు చెడిపోయి, ఫ్లాస్కులో ఐసు నీరైపోయింది. మందు పారేయాలి. పారేస్తే ఆ రోజు లెక్క చూపించలేను. అదే కలిపి వేసేశాను, రిజిస్టర్లో రాసుకున్నాను. నాలుగు నెలలకు ఆ ఊళ్లో రోగం పడి, ఒక రైతు కాడెద్దుల్లో ఒకటి పోయింది. సూది వేయించినా పోయిందేమని అడిగితే, దాని ఖర్మ అన్నట్టు మాట్లాడి వచ్చేశాను. ట్యుబర్‌క్యులిన్ కథ చదివినప్పుడల్లా ఆ ఎద్దే గుర్తొచ్చేది.

మన దేశంలో చివరి కేసు 1995లో. 2011లో లోకమంతా ఈ రోగం లేకుండా పోయిందని ప్రకటించారు. ఆ వార్త పేపర్లో చూసిన రోజు ఆ ఊరి నంబరు సంపాదించాను. రైతు అప్పటికే కాలం చేశాడు. ఆయన కొడుకుకి ఫోన్లో ఐసు సంగతి చెప్పాను. అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, చనిపోయిన ఎద్దు ఎడమపక్కదని, దాని జతను నాన్న అమ్మకుండా చివరిదాకా ఉంచుకున్నాడని చెప్పాడు.